మామ ఇత్తడి బిళ్ళ

మొన్న గిద్దలూరులో ఆటో ఎక్కితే, ఎదుటి అద్దానికి నిమ్మకాయల దండ పక్కన డ్రైవరు బ్యాడ్జి ఒకటి దుమ్ము పట్టి వేలాడుతోంది. నీదేనా నాయనా అని అడిగితే, "మా బావది తాతా. ఎవురు తోలితే ఏంది, బండి పోతాంది గదా!" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు కొత్త కాదు. మదరాసు నుంచి ఉత్తర్వులు వచ్చే దొరల కాలంలో, మార్కాపురం గిద్దలూరు మధ్య పెట్రోలు కరువై బొగ్గు కాల్చి నడిపే బస్సుకు యజమాని అయిన మా షావుకారు కూడా అచ్చం అలాగే నవ్వేవాడు. ఆ బొగ్గు పొగ మన ఈడు వాళ్ళ ముక్కుల్లో ఇంకా ఉండే ఉంటుంది.

ఆ బస్సుకు నేను కండక్టరును, మా మేనమామ డ్రైవరు. పెద్దారవీడులో గొర్రెలు కాచే ఇంట పుట్టినా, మామ పరీక్షకు నిలబడి, జనాన్ని ఎక్కించుకుని బస్సు నడిపే లైసెన్సూ, ఛాతీ మీద పెట్టుకునే ఇత్తడి బిళ్ళా సంపాదించి, రోజూ దాన్ని చింతపండుతో తోమేవాడు. షావుకారు లెక్కలో బిళ్ళ మనిషిది కాదు, బస్సుది. హారను లాగా అదీ ఒక సామాను. మామ సెలవు పెడితే బిళ్ళ వదిలి పోవాలి, ఆ పూట తోలేవాడి చొక్కాకు దాన్ని గుచ్చేవారు. తరచుగా ఆ చొక్కా షావుకారు అల్లుడిది. ఆ ఘనుడికి లైసెన్సు లేదు, బస్సును వెనక్కి తీయాలంటే ప్రయాణికులు దిగి తోయాలి.

లైబ్రరీలో నిఘంటువు పక్కన పెట్టుకుని మోటారు నిబంధనలు చదివినవాణ్ణి కనుక, ఇలా చేస్తే మామ లైసెన్సుకే ముప్పని చెప్పాను. "చొక్కా బొత్తానికి గూడా చట్టముంటాదా ప్లీడరూ?" అన్నాడు షావుకారు. ఇవ్వనంటే పని పోతుందని మామ బిళ్ళ విప్పి ఇస్తూనే వచ్చాడు.

మామ జ్వరంతో పడుకున్న ఒకరోజు, కంభం దగ్గర బ్రేకు ఇన్స్పెక్టరు బస్సు ఆపి అల్లుణ్ణి పేరడిగితే, ఆ మేధావి ఇంటిపేరుతో సహా తన పేరే చెప్పాడు. మరి ఈ నంబరు బిళ్ళ ఎవరిదయ్యా అంటే, "మా డ్రైవరుది సార్. జీతమిచ్చేది మేమే గదా, బిళ్ళ మాది గాకుండా యాడికి పోతాది?" అన్నాడు.

ఇన్స్పెక్టరుకు షావుకారింట్లో విందు జరిగింది. అల్లుడి తప్పు ఆ విస్తట్లోనే అరిగిపోయింది. బిళ్ళ ఎరువిచ్చినందుకు మామ లైసెన్సు రద్దయింది. చదివిన ఇన్స్పెక్టరుకూ చదవని షావుకారుకూ తేడా ఏమిటో ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

మామ మళ్ళీ గొర్రెల వెంట పోయాడు, అదే ఖాకీ చొక్కాతో. ఛాతీ దగ్గర పిన్ను చేసిన రెండు చిల్లులు కుడతానని అత్త సూది తెస్తే, "ఉండనీలేయే, గాలాడతాది" అన్నాడు.

బొగ్గు పోయి డీజిలు వచ్చింది, చట్టాల పుస్తకం లావెక్కింది, నవ్వు మాత్రం అదే నవ్వు. మారిందల్లా ఒక్కటే: బిళ్ళను మామలా చింతపండుతో తోముకునే మనిషి ఇప్పుడు లేడు.