రెండో కొస పట్టే చేతులు

నరీన్ కొండల్లోని ఆ ముస్లిం ఊళ్లో బాప్తిస్మం తీసుకున్నది బురుల్చా ఒక్కతే. అప్పటినుంచి ఆరేళ్లుగా ఆడవాళ్లు ఆమెను ఉన్ని తివాచీల పనికి పిలవడం మానేశారు. ఆమె పిలిచినా రావడం లేదు. నలుగురు కలిస్తే తప్ప తెమలని పనది. ఈసారి ఆమె ఒక్కతే రెల్లుచాప మీద ఉన్ని పరిచి, వేడినీళ్లు చల్లి, చాప చుట్టి, తాడు కట్టి, ఉన్ని అతుక్కుని గట్టిపడేలా వాకిట్లో దొర్లించసాగింది. తాడు ఒక కొసే పట్టి లాగుతుంటే చుట్ట పక్కకు తిరిగిపోతోంది.

మధ్యాహ్నానికి నడుం పట్టేసి చుట్ట మీదే కూలబడింది. "ప్రభువు ఎప్పుడూ నీతోనే ఉంటాడమ్మా" అని పట్నంలో పాస్టరు చెప్పిన మాట గుర్తొచ్చింది.

"ఉన్నావు, కాదనను ప్రభూ. ఆ రెండో కొస పట్టడానికి నీకు చేతులేవీ?" అనేసి తనే ఉలిక్కిపడింది. అయినా ఇన్నేళ్లలో ఇంత నిజంగా ఎప్పుడూ ప్రార్థించలేదనిపించింది.

కాసేపటికి తోడికోడలు కలీపా గేటు తోసుకుని వచ్చింది.

"పొద్దుట్నుంచీ గోడ మీంచి చూస్తున్నా, చూడలేక చస్తున్నా. లేవవే, నీళ్లు చల్లారితే ఉన్ని అంతా పాడైపోదూ?"

ఇద్దరూ మాట్లాడుకోకుండా సాయంత్రం దాకా లాగారు.

"టీ తాగి వెళ్లక్కా."

"తాగితే కూర్చోవాలి, కూర్చుంటే మాట్లాడాలి. మీ బావగారికి తెలిస్తే నా కాళ్లు విరగ్గొడతాడు" అంటూ కలీపా చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది.

బురుల్చా తివాచీని గోడ మీద ఆరేసి, టీ ముందు కూర్చుంది. కలీపాను పంపింది దేవుడో, ఉన్ని మీద జాలో ఆమెకు తేలలేదు. దేవుడి పేరూ, కలీపా పేరూ చెప్పి కృతజ్ఞతలు చెల్లించి, ఒక్కతే రొట్టె తుంచుకుంది.