మోకులో మూడు గంటలు

ఆ సోమవారం పొద్దున లూకన్‌లో మా ఇంటి మెట్లు దిగుతుంటే కుడి పాదం టప్పున పడింది. నేను దింపలేదు, అదే పడింది. ఇంకో మెట్టు దిగాను. మళ్లీ టప్. నొప్పి లేదు, వాపు లేదు. కూర్చుని రెండు పాదాలూ పైకి లేపి చూశాను. ఎడమది లేచింది. కుడిది నాకేం సంబంధం అన్నట్టు వేలాడింది.

నాకు యాభై ఒకటి. దేశం విడిచి ఇక్కడికొచ్చి పదిహేనేళ్లు. లెపర్డ్స్‌టౌన్‌లో సాఫ్ట్‌వేర్ పని. ఆరేళ్ల కింద విడాకులయ్యాయి. కూతురు శ్రావ్య వాటర్‌ఫోర్డ్‌లో చదువుతోంది. ఇంట్లో నేనొక్కణ్ణే కాబట్టి ఆ చప్పుడు విన్నది కూడా నేనొక్కణ్ణే.

ముందే ఒప్పుకుంటున్నా, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. అలా చెబితే ఎవరూ కూర్చుని వినరని చిన్నప్పుడే కనిపెట్టాను. ఎందుకు కుంటుతున్నావని ఆఫీసులో అడిగితే గుర్రం తన్నిందన్నాను. గుర్రం రంగు కూడా చెప్పాను. శ్రావ్యకు ఫోన్ చేసి, బస్సు కింద పడబోతున్న ముసలావిడను లాగానన్నాను. "గ్రాండ్, డాడ్" అని, సరేలే అన్నట్టు, పెట్టేసింది. పదేళ్లప్పుడైతే తర్వాత ఏమైందని అడిగేది.

జీపీ, అంటే మా పేట డాక్టరు, దగ్గర గుర్రం చెల్లదనిపించి సూట్‌కేసు కథ చెప్పాను. బరువైనది ఎత్తాను, మర్నాటి నుంచి ఇలా ఉంది అని. "ఎనీ బ్యాక్ పెయిన్?" అన్నాడాయన. సూట్‌కేసు ఎత్తినవాడికి నడుం నొప్పి లేకపోతే బాగుండదు కదా, కొంచెం ఉందన్నాను. ఆయన "ఫుట్ డ్రాప్" అని, అంటే పాదం పడిపోవడమని, రాసుకుని నడుముకు ఎమ్మారై రాశాడు. స్కాన్‌లో ఎల్‌ఫోర్-ఎల్‌ఫైవ్ పూసల మధ్య చిన్న డిస్క్ బల్జ్, అంటే ఉబ్బు, కనబడింది. ఈ వయసులో అది మామూలేనట, కానీ నా అబద్ధానికి సాక్ష్యం దొరికినట్టయింది. రెండు నెలలు నడుముకు ఫిజియో చేశాను. నడుము ఉక్కులా తయారైంది. పాదం అలాగే వేలాడింది.

ఇక అసలు సంగతి.

మా పక్కింటాయన డెక్లన్ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. భార్య పోయింది. వాటర్‌ఫోర్డ్ వైపు ఆయన తమ్ముడికి కొంత అడవి ఉంది. సీజన్‌లో శనివారాలు అక్కడికి జింకల వేటకు పోతాడు. తుపాకీ, లైసెన్సు ఆయనవి. మోకాళ్లు అరిగి చెట్టెక్కలేడు. నేనెక్కి, జింకలు ఎటు నుంచి వస్తున్నాయో చూసి ఫోన్‌లో మెసేజ్ పెడతాను. అదీ నా వేట.

ఎక్కే సామాను నేనే తయారు చేసుకున్నాను. లారీల మీద సరుకు బిగించే వెడల్పు పట్టీలు తెచ్చి, నాలుగు పొరలు మడిచి, మైనం పట్టించిన దారంతో కుట్టి, కూర్చోడానికి సీటు చేశాను. లావుపాటి తాడు నా నడుం చుట్టూ, చెట్టు చుట్టూ తిప్పి ముడేశాను. తాటిచెట్లు ఎక్కేవాళ్లు వాడే మోకు అదే. నల్లగొండ దగ్గర మా నాయన బతుకంతా దాని మీదే గడిచింది. లూకన్‌లో మనవాళ్లకు మాత్రం ఆయన ఫారెస్ట్ కాంట్రాక్టరని, ఎలుగుబంటితో కుస్తీ పట్టాడని చెప్పి ఉన్నాను. డెక్లన్ ఒక్కడికే నిజం చెప్పాను. అంతెత్తు చెట్టుకు ఒక్క కొమ్మ ఉండదు, పొద్దున్నే తాడు మీద ఎక్కి కల్లు దింపేవాడు అని. ఆయన చాలాసేపు నవ్వి, నీ కథలన్నింట్లోకి ఇదే బాగుందన్నాడు.

నాయన రెండు కాళ్లకూ కలిపి మడమల దగ్గర ఒక బంధం వేసుకునేవాడు. నేనూ వేశాను. కానీ నావి బూట్లు, ఇక్కడి చెట్లు ఎప్పుడూ తడి. జారుతుంటే బంధాన్ని పైకి జరిపి మోకాళ్ల కింద బిగించాను. ముడి కుడి మోకాలి పక్కన పడేది, బ్రహ్మాండంగా పట్టింది. అలా మూడేసి గంటలు కూర్చునేవాణ్ణి. పైన గాలి తప్ప ఏమీ వినబడదు. ఇంట్లో మాట్లాడే మనిషి లేకపోతే వెలితిగా ఉంటుంది. చెట్టు మీద ఎవరికైనా అంతే కాబట్టి అక్కడ బాధ ఉండదు. అందుకే పాదం పడిపోయాక కూడా శనివారాలు మానలేదు. చేతుల బలంతో ఎక్కాను.

మూడో నెలలో ఒక సాయంత్రం తలుపు తీసుకుని లోపలికి వస్తూ వేళ్లు గడపకు తగిలి హాల్లో పడ్డాను. మణికట్టు బెణికింది. లేవలేనంత దెబ్బేం కాదు. కానీ లేవలేదు. కార్పెట్ మీద పడుకునే ఫోన్‌లో పేర్లు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. ఎవరికి చేసినా ఇంకో కథ అనుకుంటారు. చలి పుట్టేదాకా అక్కడే ఉన్నాను.

తర్వాత, ఫిజియో పనిచేయలేదని జీపీ రాసి పంపిన న్యూరాలజీ క్లినిక్ నుంచి పిలుపొచ్చింది. డాక్టరు వరంగల్ అమ్మాయి. నర్వ్ కండక్షన్ స్టడీ అంటే కాలి పొడుగునా చిన్న చిన్న కరెంటు షాకులు. ఈఎంజీ అంటే కండలో సన్నటి సూది. రెండూ చేసి స్క్రీన్ నా వైపు తిప్పింది.

"అంకుల్, ఇది నడుము నుంచి వచ్చింది కాదు. మోకాలి పక్కన, ఫిబులా హెడ్ అనే ఎముక దగ్గర నరానికి బ్లాక్ ఉంది. మోకాలి కింద ఏమన్నా కట్టిన్రా? చానాసేపు గొంతుక్కూచున్రా?"

"బాత్రూంలో టైల్స్ వేసుకున్నా డాక్టరమ్మా. నేనే, ఒక్కణ్ణే."

"ఎన్ని రోజులు?"

"రెండు... మూడు."

"మూడు నెలల కింద మూడు రోజులు కూచుంటే ఈపాటికి కొంచెమన్నా తిరిగి రావాలె. రాలేదంటే లోపల గడ్డ ఏదో నొక్కుతుండాలె, లేదా మీరింకా ఏదో చేస్తుండాలె. గడ్డయితే సర్జన్‌కు రాస్తా. ఇంకోటయితే అది ఆపకపోతే ఈ నరం ఇగ రాదు. జీవితాంతం ఇట్లనే. ఏం రాయమంటరు?"

పెన్ను పట్టుకుని కూచుంది. గుర్రం, ముసలావిడ, సూట్‌కేసు, టైల్స్ అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఒక్కటీ ఆ కాగితం మీద నిలబడేట్టు లేదు.

"మా నాయన తాళ్లెక్కెటోడమ్మా," అన్నాను. పదిహేనేళ్లలో మన మనిషితో ఆ మాట అనడం అదే మొదలు.

మిగతాదంతా చెప్పాను. ఆమె నవ్వలేదు. "మీ నాయన బంధం ఏడ కట్టెటోడు?" అంది.

"మడమల కాడ."

"మీరు?"

చూపించాను. మోకాలి బయటివైపు కింద ఉన్న చిన్న ఎముక మీద వేలు పెట్టింది. "నరం ఈ ఎముకను చుట్టుకుని పోతది. పైన తోలు తప్ప ఏం లేదు. మీ నాయన ఎక్కి, పని చేసుకుని, దిగెటోడు. మీరు దాని మీద సంసారం పెట్టిన్రు."

తర్వాత అల్ట్రాసౌండ్‌లో గడ్డ లేదని తేలింది. ఆపరేషన్ అవసరం రాలేదు. చెట్టు బంద్. కాలు మీద కాలు వేసుకోవడం బంద్. బూటులో పాదం వేలాడకుండా పట్టే ప్లాస్టిక్ స్ప్లింట్, దాన్ని ఏఎఫ్‌ఓ అంటారు. రోజూ పొద్దున మంచం మీదే పాదం లేపే ప్రయత్నం. నెలలు గడిచాయి, చూసేవాళ్లు లేరు, ఏమీ కదల్లేదు. ఒక రోజు బొటనవేలు గోరంత లేచింది. శ్రావ్యకు ఫోన్ చేసి మొదటి నుంచీ అంతా చెప్పాను. "ఈజ్ దిస్ అనదర్ వన్, డాడ్?" అంది. రిపోర్టు ఫోటో పంపాను. కాసేపటికి తనే చేసి, "డిడ్ తాత రియల్లీ డూ దట్?" అని అడిగింది.

ఇప్పుడు స్ప్లింట్ లేకుండా నడుస్తున్నాను. చలిలో పాదం కొంచెం బద్ధకిస్తుంది. డెక్లన్ శనివారాలు ఒక్కడే పోతున్నాడు. నాకు శనివారాలు పొడుగైపోయాయి.

ఒక్క మాట చెప్తా. డాక్టర్ దగ్గరికి పోయే ముందు, ఆ మధ్య ఏం ఎత్తారు, ఎలా కూర్చున్నారు, ఒంటికి ఏం కట్టుకున్నారు అనేది కాగితం మీద రాసుకోండి. చెప్పడానికి సిగ్గుపడేది మొదటి వరుసలో రాయండి. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే పక్క కుర్చీలో కూర్చుని "అబద్ధం డాక్టర్, ఈయన చెట్టెక్కాడు" అంటారు. ఒంటరిగా ఉండేవాళ్లు ఆ మాట కూడా తామే అనుకోవాలి.