సరిపోయిన పేరు

సెనియా ఆ కౌంటీ ఆఫీసులో చేరి ఇరవై రెండేళ్లు. న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరాన, బట్టల మిల్లులన్నీ మూతపడ్డాక శరణార్థులతో మళ్లీ నిండిన ఊరు అది. బోస్నియా యుద్ధంలో తండ్రినీ ఇద్దరు అన్నలనీ పోగొట్టుకుని, తల్లితో అక్కడ దిగేనాటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు. సరుకులు కొనుక్కోమని ప్రభుత్వమిచ్చే తిండి కార్డు కోసం ఇదే ఆఫీసులో అద్దం కిటికీ ముందు నిలబడింది. ఇప్పుడు దాని వెనక కూర్చుంటోంది. పరాయి దేశం నుంచి వచ్చినవాళ్లు ప్రభుత్వ సాయానికి అర్జీ పెడితే, వాళ్ల కాగితాలు చూసి, నంబరు కంప్యూటరులో కొట్టి, వలస శాఖ రికార్డుల్లో ఆ మనిషి ఉన్నాడో లేడో తేల్చడం ఆమె పని.

సెప్టెంబరులో లే టూ వచ్చాడు. బర్మాలోని కరెన్ తెగకు చెందిన డెబ్బై ఒక్క ఏళ్ల ముసలాయన. సరిహద్దులోని శరణార్థి శిబిరంలో ఇరవై ఏళ్లు, టెక్సాస్‌లో కొడుకు దగ్గర ఆరేళ్లు గడిపాడు. కొడుకు గుండెపోటుతో పోయాక ఈ ఊళ్లో కూతురు పా వా పంచన చేరాడు. కంప్యూటరు ఆయన్ని ఎరగనంది.

"ఈయన ఇంటిపేరేంటమ్మా?" సెనియా అడిగింది.

"మాకు ఇంటిపేర్లుండవండీ," అంది పా వా. "పేరు ముందున్న సా అంటే అయ్యగారు అన్నట్టు. శిబిరంలో ఎవరో దాన్నే ఇంటిపేరుగా రాసేశారు. టెక్సాస్‌లోనేమో టూ అని రాశారు."

"పుట్టింది జనవరి ఒకటా?"

కూతురు తన భాషలో చెప్పగానే ముసలాయన పకపకా నవ్వాడు. "మా శిబిరంలో సగం మందిమి ఆ రోజే పుట్టాం పంతులమ్మా! మా అమ్మ మాత్రం వరి కోతలప్పుడనేది."

సెనియాకీ నవ్వొచ్చింది. కాగితాలు చూసే ఆడవాళ్లంతా ఆయనకు పంతులమ్మలే. రెండు పేర్ల కాగితాలూ జతచేసి, పై పరిశీలనకు పంపింది. జవాబు వచ్చేదాకా ఆపకూడదన్న నియమం ఉంది కాబట్టి తిండి కార్డు వెంటనే ఇప్పించింది. మరుసటి వారం ఆయన తోటలో కోసిన ఆవ ఆకు కట్ట తెచ్చాడు. తీసుకోకూడదని చెబితే చిన్నబుచ్చుకుని, బయట బెంచీ మీద పెట్టి వెళ్లిపోయాడు.

నాలుగు వారాలకు జవాబొచ్చింది. పేరు సరిపోయింది. శరణార్థి, చట్టప్రకారమే దేశంలోకి వచ్చాడు. సంతోషం పట్టలేక సెనియా పై అధికారి మార్లీన్ గదిలోకి వెళ్లింది.

మార్లీన్ కాగితం చూసి కళ్లజోడు తీసింది. "కొత్త చట్టం వచ్చింది కదే. శరణార్థి అయితే ఇక చాలదు, గ్రీన్ కార్డు ఉండాలి. ఆపేయాలి."

"నేను అబద్ధమని తేలిస్తే ఆపాలి. నిజమని తేలిస్తే కూడా ఆపాలా?"

"నన్నడుగుతావేం? చట్టం నేను రాశానా?"

నోటీసు మీద సంతకం సెనియాదే. ఉత్తరం చేరకముందే తనే పా వాకు ఫోను చేసింది. వాళ్లొచ్చారు.

"దేశానికొచ్చి ఏడాది దాటగానే గ్రీన్ కార్డుకి పెట్టుకోవాలి కదా పెద్దాయనా?"

"మా అబ్బాయి చూసుకుంటానన్నాడు," అన్నాడాయన. "మరి మిషను నన్ను గుర్తుపట్టిందన్నారుగా?"

సెనియా శనివారం వాళ్ల చర్చి కింది గదిలో కూర్చుని, ఆఫీసుకు చెప్పకుండా, ఆయన గ్రీన్ కార్డు అర్జీ తన చేత్తో నింపింది. ఈ దేశానికొచ్చిన కొత్తలో తన కాగితాలు ఎవరు నింపారో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

ఆ చలికాలమంతా అర్జీ ఎక్కడుందో చూస్తూనే ఉంది. పరిశీలనలో ఉంది అన్న మాట తప్ప వేరే మాట రాలేదు. ఫిబ్రవరిలో బజారులో పా వా ఎదురైంది. వంటనూనె డబ్బా చేతిలో పట్టుకుని మాట్లాడింది.

"నాన్న వెళ్లిపోయాడండీ. మూడు గంటల దూరంలో కోళ్లు కోసే ఫ్యాక్టరీ ఉంది, అక్కడ కడిగే పని. పిల్లల కంచంలోంచి తినలేనన్నాడు. నేనెంత ఏడ్చినా ఆగలేదు."

"ఈ వయసులోనా?"

"వాళ్లు వయసు అడగలేదట."

గ్రీన్ కార్డు మరుసటి అక్టోబరులో వచ్చింది. సెనియా ఆ ఫ్యాక్టరీ పనివాళ్ల బసకు ఫోను చేసింది. వెనక నీళ్ల హోరు. కూతురు లేదు కాబట్టి ఆయనకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలే దిక్కు.

"కార్డు వచ్చింది పెద్దాయనా. ఇంటికి రండి. మళ్లీ అర్జీ పెడదాం."

"చేతులు బాలేవు పంతులమ్మా. వాచాయి. సంతకం రాదు." ఇంకేదో అన్నాడు, ఆమెకు అర్థం కాలేదు. ఫోను పెట్టేశాడు.

మధ్యాహ్నం మార్లీన్ వచ్చి పాత ఫైళ్లు మూసేయమంది. లే టూ ఫైలులో కారణం రాయాల్సిన చోట సెనియా, అర్జీదారు ఈ కౌంటీలో లేరు, అని కొట్టింది. అద్దం అవతల సూడాన్ తల్లి ఒకామె చంటిబిడ్డనెత్తుకుని, ప్లాస్టిక్ సంచిలోంచి కాగితాలు తీస్తోంది.

"రామ్మా," అంది సెనియా, "ఒక్కొక్కటీ ఇవ్వు."