తల్లిపిల్లి సంగతి

మా ఇంట్లో దేవుణ్ణి చేరడానికి రెండు దారులున్నాయి. ఒకటి కోతిది, ఒకటి పిల్లిది. కోతిపిల్ల తల్లి పొట్టను తనే గట్టిగా కరుచుకుని ఉంటుంది. భక్తుడు కూడా అట్లాగే సొంత ప్రయత్నంతో దేవుణ్ణి పట్టుకోవాలన్నది మా అమ్మ పుట్టింటివాళ్ల మాట. పిల్లికూన ఏమీ చేయదు, తల్లే నోట పట్టి తీసుకుపోతుంది. కాబట్టి అంతా ఆయనకు వదిలేసి ఊరికే ఉండాలన్నది నాయన వంశం సిద్ధాంతం. ఈ రెండు వైష్ణవ పక్షాలకు పెళ్లి కుదిర్చిన పుణ్యాత్ముడెవరో గానీ, అమ్మానాయనల తిరుపతి కాపురమంతా ఈ చర్చతోనే గడిచింది.

గుడి ఆఫీసులో పనిచేసి రిటైరైన నాయన, శనివారం సాయంత్రాలు మా హాల్లో వీధి పెద్దలకు శరణాగతి బోధించేవాడు. అడ్డం తగిలే పని నాది.

"అర్థమైతే నమ్ముతా," అనేవాణ్ణి.

"నమ్మితే గదరా అర్థమయ్యేది," అనేవాడు నాయన.

వచ్చినవాళ్లు ఇద్దరికీ తలలూపేవారు. వాళ్లకు అర్థమూ అక్కర్లేదు, నమ్మకమూ అక్కర్లేదు, చివర్లో అమ్మ పెట్టే పులిహోర చాలు.

ఊరికే ఉండమని అందరికీ చెప్పే ఈ మనిషి తను మాత్రం ఒక్క నిమిషం ఊరికే ఉన్న పాపాన పోలేదు. గ్యాస్ సిలిండర్ తనే దొర్లించాలి, మోటారు తనే వేయాలి. పోయిన వేసవిలో నీళ్ల ట్యాంకు మూత సరిచేస్తానని నిచ్చెన ఎక్కాడు. పట్టుకుంటానంటే వద్దన్నాడు. దిగేటప్పుడు జారి చీలమండ విరగ్గొట్టుకున్నాడు.

పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించాను. "కాలు నేల మీద మోపినారంటే ఎముక జరిగిపోతాది సామీ, మళ్లీ మొదటికొస్తాది," అని కట్టు కట్టినాయన గట్టిగా చెప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు వడమాలపేట దాటేదాకా నాయన కారు డ్రైవరుకు పిల్లికూన తత్వం బోధిస్తూనే ఉన్నాడు. డ్రైవరు అవునంటూనే పాటల సౌండు పెంచాడు.

మా ఇల్లు మొదటి అంతస్తులో. లిఫ్టు లేదు. కారు దిగగానే నాయన ఒంటికాలి మీద నిలబడి మెట్ల రెయిలింగు పట్టుకున్నాడు.

"కుంటుకుంటా ఎక్కేస్తా. ఒక కాలు సాలు."

"కాలు మోపితే అంతే సంగతులు. నేను ఎత్తుకుంటా నాయనా."

"నువ్వా?"

ఆ ఒక్క మాటలో నేను గుడికి వెళ్లని ఏళ్లన్నీ ఉన్నాయి. నాకు చురుక్కుమంది. కనపడని వాడి మీద భారం వేయమని లోకానికి చెబుతాడు, కనపడే కొడుకు మీద మాత్రం వేయడు.

"పిల్లికూన రెయిలింగు పట్టుకుంటాదా నాయనా?" అన్నాను కోపంగా.

డ్రైవరు నవ్వు ఆపుకున్నాడు. నాయన నన్ను కాసేపు ఎగాదిగా చూశాడు. తర్వాత రెయిలింగు వదిలి చేతులు చాచాడు.

ఎత్తుకున్నాను. నా మెడ చుట్టూ రెండు చేతులూ గట్టిగా బిగించాడు. పైన తలుపు దగ్గర నిలబడిన అమ్మ ఊరుకుంటుందా?

"సూడు, మెడ ఎట్ల పట్టుకోనుండాడో! ఇన్నాళ్లకు మీ నాయన మా కోతుల్లో కలిసినాడు."

నాయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. మెట్ల మధ్యలో నా మెడ వదిలేశాడు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఇదో, వొదిలేసినా. నువ్వు నడువు."

బరువంతా ఒక్కసారిగా నా మీద పడింది. "పట్టుకో నాయనా, నీకు దండం పెడతా," అని బతిమాలాను. పట్టుకోలేదు. అమ్మ మీద పంతమో, నా మీద నమ్మకమో తెలియదు గానీ, ఆ ముఖం హాయిగా నిద్రపోతున్నట్టుంది. నాకు ఏడుపొచ్చింది. జన్మలో దేన్నీ పట్టుకోనంత గట్టిగా ఆయన్ని పట్టుకుని మిగిలిన మెట్లు ఎక్కాను.

మంచం మీద పడుకోబెట్టాక కళ్లు తెరిచి, "ఇప్పుడన్నా అర్థమయిందా?" అన్నాడు.

ఒప్పుకోవడం ఇష్టంలేక, మంచినీళ్లు తెస్తానని వంటింట్లోకి పోయాను. గ్లాసు నింపుకుని కూడా అక్కడే నిలబడ్డాను. ఇన్ని శనివారాలూ కూన ఎంత నిశ్చింతగా ఉంటుందో చెప్పారే గానీ, తల్లిపిల్లికి ఎంత భయమేస్తుందో ఒక్కరూ చెప్పలేదు.