చెవిటి పెట్టెలు

షెడ్డులో అందరూ అతన్ని చెవి బాబాయ్ అంటారు. పాత రేడియోలు విప్పి, పాడుచేసి, మళ్లీ బాగుచేసి పని నేర్చుకున్న మనిషి. ఇప్పుడు ఒక చిన్న కంపెనీలో నేలచెవులనే పెట్టెలు కడుతున్నాడు. భవనం కూలినచోట ఆ పెట్టెను శిథిలాల మీద ఆనిస్తే, కింద బతికున్నవాళ్ల కదలిక, మూలుగు హెడ్‌ఫోన్‌లో వినిపిస్తాయి. పెట్టె అడుగున పల్చటి ఇత్తడి బిళ్ల ఉంటుంది. అదే అసలు చెవి. దాన్ని జిగురుతో అంటించడం అతని పని.

అంటించాక పెట్టెను నేలమీద పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించుకుని కళ్లు మూసుకునేవాడు. షెడ్డు ఆ చివర ఎవరో ఒకరు గోరుతో నేలను గీకాలి. అది వినబడితేనే మూత బిగించేవాడు. "ఈయనకి గోరు గీకినా వినిపిస్తుంది గానీ, నేను గొంతు చించుకున్నా వినిపించదు" అని భార్య కనబడినవాళ్లందరికీ చెప్పేది.

రెండు పెట్టెలు ఫైర్‌స్టేషన్‌కి వెళ్లడానికి సిద్ధమయ్యాయి. కూలిన ఇళ్లలోకి ముందుగా దూరే జట్టుకి అక్కడ అతని బావమరిదే పెద్ద.

సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు ఒక పెద్దమనిషి. కొత్త కంపెనీలకీ రక్షణ శాఖకీ సంబంధాలు కుదర్చడం ఆయన వృత్తి. సూటు నలగదు, నోరు మూతపడదు.

"ఒకే వస్తువు, రెండు ఉపయోగాలు! శిథిలాల కింద మనిషిని వినేది, గోడ వెనక నక్కిన శత్రువుని వినదా? ఏమ్మా?" అని పెట్టెను డిజైన్ చేసిన ఇంజినీరమ్మాయిని అడిగాడు.

"వింటుందేమో సార్. గోడ మీద ఇంకా పరీక్షించలేదు."

"పరీక్షలకేం, తర్వాత చేసుకోవచ్చు. ముందు ఆకుపచ్చ రంగు వేయించండి. ఈ నారింజ రంగు చూస్తే ఆఫీసర్లకి పిల్లల బొమ్మలు గుర్తొస్తాయి."

ఆ రంగు పొడిగా చల్లి, వేడి పొయ్యిలో కాల్చి పట్టించేది. "ఆగండి, బిళ్లలు ఊడదీసి ఇస్తాను" అన్నాడు బాబాయ్.

"టైం లేదు బాబాయ్, అలాగే పంపేద్దాం" అన్నాడు యజమాని.

పెట్టెలు నిగనిగలాడుతూ తిరిగొచ్చాయి. అమ్మాయి హెడ్‌ఫోన్ పెట్టుకుని, నెమ్మదిగా తీసేసింది. "జిగురు మాడిపోయింది బాబాయ్. ఏమీ వినబడట్లేదు."

"సార్‌తో చెప్పు."

"చెప్పాను. ఆఫీసర్లు వచ్చినప్పుడు, మనం ఇంతకుముందు తీసిన ఊపిరి రికార్డింగు వినిపించమన్నారు."

వినిపించారు. గోడ అవతల కంపెనీ డ్రైవర్ని కూర్చోబెట్టారు. ఇవతల రక్షణ శాఖ అధికారులు ఒకరి తర్వాత ఒకరు హెడ్‌ఫోన్ పెట్టుకుని, "అబ్బ, ఊపిరి కూడా తెలుస్తోందే!" అని తలలూపారు. డ్రైవరు అప్పటికే ఫోను మాట్లాడుకుంటూ వరండాలోకి వెళ్లిపోయాడు. అతని ఊపిరి మాత్రం ఇంకా గోడ వెనకే ఆడుతోంది.

బాబాయ్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. తెలియక చేస్తే తిట్టి దిద్దవచ్చు. ఇక్కడ కంపెనీ వాళ్లందరికీ తెలుసు. తెలిసే చప్పట్లు కొడుతున్నారు.

అధికారులు వెళ్లగానే యజమాని పొంగిపోతూ వచ్చాడు. "గెలిచాం బాబాయ్! ఇంక ఈ రెండూ ఫైర్‌స్టేషన్‌కి పంపేసెయ్. ఎన్నాళ్లనుంచో అడుగుతున్నారు."

"ఇవి చెవిటివి."

"తర్వాత మార్చిద్దాంలే. అక్కడ రోజూ ఇళ్లు కూలుతాయా ఏంటి?"

బాబాయ్‌కి కాండ్రించి ఉమ్మేయాలనిపించింది. షెడ్డు రోజూ ఊడ్చేది తనే కాబట్టి ఆగాడు. యజమాని ఎదురుగానే తన బావమరిదికి ఫోను కలిపాడు.

"ఏంటి బావా, పెట్టెలు బయల్దేరాయా?"

"వస్తే తీసుకోకు. కింద మనిషి అరుస్తున్నా ఎవరూ లేరనే చెబుతాయవి. నువ్వు వాటిని నమ్మి, బతికున్నవాణ్ని వదిలేసి వచ్చేస్తావ్."

"నువ్వు కట్టినవేగా బావా?"

"నేను కట్టినవే."

"కంపెనీ పరువు రోడ్డున పడేస్తావా?" అని యజమాని అరుస్తున్నాడు. బాబాయ్ ఫోను జేబులో పెట్టుకుని, పెట్టెలు రెండూ బోర్లించి, బిళ్లలు పెకలించి, తీగలు కత్తిరించి, లోపలిదంతా ఊడ్చినట్టు తీసేశాడు. ఇక వాటిని ఎవరికి పంపినా, అవి చెవులని మాత్రం ఎవరూ నమ్మరు.

సంబంధాలాయన లోపలికొచ్చి ఒక ఖాళీ పెట్టెను చేత్తో ఎత్తి చూశాడు. మొహం వెలిగిపోయింది.

"అరె, ఎంత తేలికైపోయిందండీ! భలే పని చేశావయ్యా. ఇదే ఆఫీసర్లకి కావలసింది!"

అమ్మాయి యజమాని వైపు చూసింది. యజమాని రెండో పెట్టె ఎత్తి బరువు చూస్తున్నాడు. బాబాయ్ చేతులు కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్లాడు.