బండ కింద సమ్మెట

ఏళ్లుగా ఒక మనిషి విరిగిన చెయ్యిని మోస్తున్నాను. నోటితో చెప్పలేకపోయాను. ఈ వయసులో అక్షరాలు నేర్చుకున్నాక, రాయడం రాదన్న సాకు కూడా పోయింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

వికారాబాద్ దగ్గర, అడవి అంచున, భూమి అయస్కాంత బలాన్ని కొలిచే యంత్రమున్న గదిని ఊడ్చేదాన్ని. ఇనుము దగ్గరికొస్తే ఆ యంత్రం తప్పు చెబుతుంది. తలుపు మేకులు కూడా రాగివే. గేటు దగ్గర కాపలా ఉండే యాదయ్య అందరి పిన్నీసులూ తాళంచెవులూ తీయించేవాడు. నన్ను మాత్రం, "అక్కా, నిన్నేం జూస్త, పో" అనేవాడు.

నా భర్త తాండూరు నాపరాయి గనిలో పనిచేసేవాడు. తాగితే సమ్మెట ఎత్తేవాడు. ఒకసారి అది నా తల పక్కన గోడలో దిగింది. మర్నాడు దాన్ని చెత్తగంపలో తెచ్చి, యంత్రం పక్కన వదులుగా ఉన్న బండ కింద దాచాను. కూలి పనిముట్టు కదా, తాగుడు మానితే తిరిగిద్దామనుకున్నాను. ఇనుమే రానివ్వని చోట ఇనుము కోసం ఎవరు వెతుకుతారు?

యంత్రం గీసే గీత పక్కకు జరిగి అక్కడే నిలిచిపోయింది. యాదయ్య మోటారుసైకిలే కారణమన్నాడు మమ్మల్ని పనిలో పెట్టిన కాంట్రాక్టరు.

"రాజా లెక్క బండి మీద లోపలికొస్తవారా?"

మనుషులతో కొట్టించాడు. మోచెయ్యి విరిగిన చప్పుడు విన్నాను. నెత్తురు మింగుతూ యాదయ్య నన్ను చూశాడు.

"అక్కా, నువ్వన్న జెప్పు. బండి గేటు బయటనే పెడ్త గదా?"

"నాకేమెరుక? ఊడ్సుకొని పోతుంట."

ఎరుకే. రోజూ చూసేదాన్ని. బయటే ఉండేది.

భయమని చెప్పుకున్నాను. సమ్మెట బయటపడితే మళ్లీ నా భర్త చేతికొస్తుందని. కానీ భయపడ్డ మనిషి నోరు మూసుకుంటుంది, అంతే కదా? నేను అక్కడ ఆగలేదు. గీత తప్పితే, అనుమానమున్న వాటిని ఒక్కొక్కటిగా దూరం పెట్టి, గీత సరైందా అని చూడటం అక్కడి పద్ధతి. యాదయ్యను బండితో సహా గెంటేశారు. ఆ సాయంత్రమే నేను సమ్మెట తీసుకెళ్లి పాడుబావిలో పడేశాను. మర్నాటికి గీత తన చోటికొచ్చింది.

"చూసిన్రా, వాడు పోంగనే సక్కగైంది" అన్నాడు కాంట్రాక్టరు.

సమ్మెట అక్కడే ఉంటే, అతను పోయినా గీత జరిగే ఉండేది. అతని తప్పు లేదని యంత్రమే చెప్పేది. ఆ గొంతూ నేనే నొక్కాను. తెలియక చేశానా? ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను. తెలిసే చేశాను.

నా భర్త పోయాడు. యాదయ్య తాండూరులో బండలు కోసే చోట రంపం మీద ఒంటిచేత్తో నీళ్లు పోస్తాడు. ఇప్పటికీ అక్కా అనే పిలుస్తాడు. అతనికి చెప్పగలనా? ఇంకా చేతకాలేదు. కానీ యాదయ్య తప్పు లేదని, నేను కాక, ఇప్పుడు ఇంకొకరికి తెలుసు.