మజ్లిస్‌లో ముగ్గురు

2023 ఫిబ్రవరి నాటికి నేను దోహాకు వచ్చి పంతొమ్మిదేళ్ళు. మొదటి పదమూడేళ్ళు ఒక కాంట్రాక్టు కంపెనీలో స్టోర్స్ గుమాస్తాగా పనిచేశాను. తరువాత, ఇళ్ళను రోజుల లెక్కన, వారాల లెక్కన అద్దెకిచ్చే చిన్న కార్యాలయంలో చేరాను. మా చేతిలో పద్నాలుగు ఇళ్ళు ఉండేవి. ప్రతి ఇంటికీ లిస్టింగ్ రాయడం నా పని. లిస్టింగ్ అంటే ఆ ఇల్లు ఎలా ఉంటుందో ఇంటర్నెట్‌లో చెప్పే పేజీ. ఫోటోలు మరొకరు తీసేవారు. మాటలు, అంకెలు నావి. అందులో అందరూ ముందుగా చూసే అంకె ‘స్లీప్స్’, అంటే ఆ ఇంట్లో ఎంతమంది పడుకోవచ్చు అన్నది.

నేను టేపు లేకుండా ఏ ఇంటికీ వెళ్ళేదాన్ని కాదు. అల్ దోహా అల్ జదీదా అనే పేటలోని ఒక రెండంతస్తుల పాత ఇంటిని కొలిచిన రోజు లెక్క నా డైరీలో ఇప్పటికీ ఉంది. పై అంతస్తులో రెండు గదులు, రెండు డబుల్ బెడ్‌లు: నలుగురు. కింద వంటిల్లు, స్నానాలగది, వీధివైపు మజ్లిస్. అరబ్బు ఇళ్ళలో అతిథులను కూర్చోబెట్టే గది అది. గోడల వెంబడి నేలమీదే మెత్తలు పరిచి ఉంటాయి. ఆ మెత్తల పొడవు మూడు వైపులా కలిపి తొమ్మిది మీటర్ల అరవై సెంటీమీటర్లు. మనిషికి మీటరు ఎనభై చొప్పున భాగిస్తే ఐదుగురు. ఇరుకు కాకూడదని ముగ్గురినే వేసుకున్నాను. మొత్తం ఏడుగురు. లిస్టింగ్‌లో ఇలా రాశాను: ‘మూడు పడకగదులు, అందులో ఒకటి కింది అంతస్తులో. ఏడుగురికి పడక.’

అది అబద్ధమని నాకు అప్పుడు తోచలేదు. మా పశ్చిమ గోదావరిలో పెళ్ళికి బంధువులు దిగితే ఎన్ని మంచాలున్నాయని ఎవరూ అడగరు. ఎంతమంది వచ్చారని అడుగుతారు. హాలులో వరుసగా పరుపులు వేస్తాం, తలగడలు లెక్కపెడతాం, అందరూ పడుకుంటారు. మెత్త కనబడితే పడక అనుకునే ఆ అలవాటునే సెంటీమీటర్లలోకి మార్చి అచ్చువేశాను.

ఆ ఇంటిని నజ్నీన్ అనే అమ్మాయి మూడు వారాలకు తీసుకుంది. ఆమెది జగిత్యాల, ఇక్కడ ఒక బడిలో ఆఫీసు ఉద్యోగం. కూతురిని చూడటానికి వచ్చిన తండ్రి మెట్లమీద జారి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ చేసి కీలు మార్చారు. ఆమె ఉండేది లిఫ్టు లేని భవనంలో నాలుగో అంతస్తు, ముగ్గురు ఆడపిల్లలు పంచుకునే గది. అందుకని కిందనే పడకగది ఉన్న ఇంటికోసం వెదికి, నా వాక్యం చదివి తీసుకుంది. ఈ సంగతేదీ నాకు ముందు తెలియదు.

ఆమె ఆ ఇంట్లో దిగిన శుక్రవారం ఉదయం పదకొండు ఇరవైకి ఫోన్ వచ్చింది.

“అక్కా, బెడ్‌రూమ్ ఏడుంది? ఇల్లంతా తిరిగిన. కింద మజ్లిస్ తప్ప ఏం లేదు.”

“అదేనమ్మా కింది గది. మెత్తలున్నాయి కదా, దుప్పట్లు అలమరలో పెట్టించాను.”

ఆమె గొంతు మారింది.

“అవి కూసునే మెత్తలు మేడం. నేలకు జానెడు గూడ లెవ్వు. మా అబ్బాకు తుంటి ఆపరేషన్ అయింది. మోకాలి కంటే కిందికి కూసుంటే కీలు ఊడి బయటికొస్తదని డాక్టర్ కాయితం మీద రాసిచ్చిండు. మెట్లు ఎక్కొద్దన్నడు. నాలుగింటికి డిశ్చార్జ్. మా అబ్బాను నేనెక్కడ పండవెట్టాలె?”

“ఒక్కరోజు ఆసుపత్రిలోనే ఉంచమని అడిగితే?”

“అడగలేదనుకున్నవా? ఆ బెడ్ సాయంత్రానికి ఇంకొకరికి రాసిన్రు. మీరు బెడ్‌రూమ్ అని రాసిండ్రు, నేను బెడ్‌రూమ్ అని చదివిన. గంతే మేడం.”

నాలుగు గంటల నలభై నిమిషాలు. కాగితం మీద ఆ లెక్క వేసుకున్నాను.

మొదట మా మిగతా పదమూడు ఇళ్ళ లిస్టింగులు తెరిచాను. ఆ వారం ఖాళీగా ఉన్నవి ఐదు. వాటిలో మెట్లు లేకుండా లోపలికి వెళ్ళగలిగేవి ఏవో నా రాతలో లేదు. మంచం ఎత్తు లేదు. స్నానాలగది తలుపు వెడల్పు లేదు. అన్నింటిలో ఒకే ముక్క: ‘సౌకర్యవంతమైన డబుల్ బెడ్.’ నేను రాసిన పేజీలు నాకే ఏమీ చెప్పలేదు. రెండు హోటళ్ళకు ఫోన్ చేశాను. మంచం ఎత్తు ఎంత అని అడిగితే ఒకరు నవ్వారు, మరొకరు కనుక్కొని చెబుతామన్నారు. చెప్పలేదు.

పన్నెండున్నరకు ఆ ఇంటికి చేరాను. నజ్నీన్ మజ్లిస్ గుమ్మంలో నిలబడి ఉంది. తిడుతుందేమో అనుకున్నాను. ఆమె డాక్టరు కాగితం నా చేతిలో పెట్టి పక్కకు తిరిగింది. దానికంటే తిట్టడమే నయం. పై గదిలో మంచాన్ని కొలిచాను: పరుపుతో కలిపి నలభై ఆరు సెంటీమీటర్లు. ఆమె ఆసుపత్రికి ఫోన్ చేసి తండ్రి మోకాలి ఎత్తు కనుక్కుంది: యాభై. మంచాన్ని కిందికి దించాలి, ఎత్తు పెంచాలి. మెట్ల మలుపులో అది విడదీయనిదే తిరగదు.

మా ఇళ్ళలో తలుపులు, అలమరలు బాగుచేసే వడ్రంగి రాజన్న గుర్తుకొచ్చాడు. కోరుట్ల మనిషి, ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక వర్క్‌షాపులో పని. ఫోన్‌లో అతని గొంతుకంటే వెనక కేకలే ఎక్కువ వినిపించాయి.

“మేడం, ఏషియన్ టౌన్ స్టేడియంల ఉన్న. గియ్యాల జుమ్మా, సెలవు గదా, మ్యాచ్ నడుస్తుంది. రేపు పొద్దుగాల వస్త.”

“రేపటిదాకా ఆ పెద్దాయన ఎక్కడ పడుకోవాలి రాజన్నా?” అని జరిగింది చెప్పాను.

“ఏ ఊరోళ్ళు?”

“జగిత్యాల.”

“అరె, మా పక్కపొంటే! సరే మేడం, మావోళ్ళవి ఏడు వికెట్లు పోయినయ్, నేనున్నా లేకున్నా ఓడుతరు. చెక్కలు పట్టుకొని వస్తున్న.”

రెండూ పదికి వచ్చాడు. దారిలో వర్క్‌షాపుకు వెళ్ళి చెక్కదిమ్మెలు తెచ్చాడు. మంచం విప్పుతుంటే ఒక బోల్టు తుప్పుపట్టి కదలలేదు. దానికే ఇరవై రెండు నిమిషాలు పట్టింది. మూడింటికి నజ్నీన్ ఆసుపత్రికి బయలుదేరింది. “అక్కా, నేను తోలుకొని వచ్చేస్త. మళ్ళ కార్ల ఎక్కించి దించుడు నా వల్ల కాదు,” అంది. నేను మళ్ళీ మెట్లెక్కాను. పలకలను ఒకవైపు రాజన్న, ఒకవైపు నేను పట్టుకుని దించాం. మెత్తలన్నీ ఒక గోడకు చేర్చాం. నాలుగూ ఐదు నిమిషాలకు మంచం నిలబడింది. కాళ్ళకింద ఎనిమిది సెంటీమీటర్ల దిమ్మెలు. టేపు పెట్టాను: యాభై నాలుగు. నాలుగు సెంటీమీటర్లు ఎక్కువే. ఆ రోజు మొదటిసారి మంచినీళ్ళు తాగాను.

నాలుగున్నరకు వాళ్ళు వచ్చారు. పొడవాటి మనిషి, తెల్లగడ్డం, రెండు చేతులతో వాకర్ పట్టుకుని అంగుళం అంగుళం నడిచి మంచం దాకా వచ్చారు. కూర్చోలేదు. మంచాన్ని చూశారు, నన్ను చూశారు.

“నువ్వేనా అమ్మా కొలిచింది?”

“అవునండీ. యాభై నాలుగు ఉంది.”

“ముందుగాల నువ్వు కూసో.”

నాకు అర్థం కాకపోయినా కూర్చున్నాను. పరుపు దిగింది. “బిడ్డా, గిప్పుడు కొలువు,” అని రాజన్నతో అన్నారు. రాజన్న నా పక్కన టేపు పెట్టి చిన్నగా చెప్పాడు: “నలభై ఏడు.”

నజ్నీన్ “యా అల్లా” అంది. మూడు సెంటీమీటర్లు తక్కువ. ఆయన కూర్చుని ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి నాకు ధైర్యం చాలలేదు. రాజన్న మిగిలిన చెక్కలను కోయడానికి బయటికి పరుగెత్తాడు. ఇంట్లో ఉన్న కుర్చీలన్నీ నలభై నాలుగే; మెత్త వేద్దామంటే జారుతుందని నజ్నీన్ భయం. ఆయన నిలబడే ఉన్నారు. ఒకవైపు కూతురు, ఒకవైపు నేను పట్టుకున్నాం. ఆయన మోచేయి నా అరచేతిలో వణకడం తెలుస్తూనే ఉంది. పదకొండు నిమిషాలు. గోడమీది గడియారం చూసి రాసుకున్నాను కాబట్టి ఈ అంకె సరైనదే.

“తప్పు నాదేనండీ,” అన్నాను.

“నేను జగిత్యాలల నలభై ఏండ్లు బట్టలు కుట్టిన అమ్మా,” అన్నారాయన, పళ్ళు బిగించి నొప్పిని ఓర్చుకుంటూనే. “కొత్తల నేను గూడ బట్టను పరిచి కొలుస్తుంటి. లెక్క సరిగ్గనే ఉంటుండె. తొడుక్కొని కూసున్నంక పిగులుతుండె. అంగి ఊకె ఉండది, దాండ్ల మనిషి ఉంటడు.”

“అబ్బా, మాట్లాడకు, ఆయాసం వస్తది.”

“మాట్లాడకుంటే పడిపోత బేటీ.”

రాజన్న ఆరు సెంటీమీటర్ల చెక్కలు అదనంగా వేసి దిమ్మెలకు మేకులు కొట్టాడు. ఈసారి చెప్పకముందే కూర్చున్నాను. యాభై మూడు. ఆయన వెనక్కి జరిగి, కాలు ముందుకు చాపి, నెమ్మదిగా కూర్చున్నారు. నజ్నీన్ వంటింట్లోకి వెళ్ళింది. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను మళ్ళీ అక్కా అనలేదు. అందులో ఆమె తప్పేమీ లేదు.

తరువాతి మూడు వారాల్లో పద్నాలుగు ఇళ్ళకూ మళ్ళీ వెళ్ళాను. ప్రతి మంచం మీద కూర్చుని, పడుకుని చూశాను. తలుపులు, గడపలు, మెట్లు, కిటికీలు కొలిచాను. తలలు లెక్కపెట్టడం మానేశాను. ఏ గదిలో, ఏ అంతస్తులో, ఏ మంచం, మనిషి కూర్చున్నప్పుడు దాని ఎత్తు ఎంత అన్నది విడివిడిగా రాశాను. సోఫాను సోఫా అన్నాను. ఆ ఇంటి పేజీలో ‘ఏడుగురు’ తీసి ‘నలుగురు’ అని, దానికింద ‘కింది అంతస్తులో మజ్లిస్ ఉంది, పడక లేదు’ అని పెట్టాను. మా మేనేజరు చూసి, ఏడుగురికి ఇల్లు వెదికేవాళ్ళకు ఇక ఈ ఇల్లు కనిపించదన్నారు. కనిపించకూడదనే రాశానన్నాను. ఆయన విసుక్కున్నారు కానీ మార్చమనలేదు.

కొలతలో పొరపాటు లేకపోయినా వాక్యం అబద్ధం కావచ్చునని నేను నేర్చుకున్నది ఆ శుక్రవారమే. చదివేవాళ్ళు మన ఇల్లు చూడరు. మన మాటను నమ్మి, తమ మనిషిని ఆ మంచంమీద ముందే పడుకోబెట్టుకుంటారు.

మార్చిన పేజీ చూసి మొదట ఫోన్ చేసినావిడ, కింద మంచం లేదని రాసినది నిజమేనా అని అడిగింది. నిజమేనన్నాను. “అయితే మా అత్తయ్యకు కుదరదండి, వేరేది చూసుకుంటాం,” అని పెట్టేసింది. ఆ రోజు డైరీలో ఒక్క వాక్యమే ఉంది: ‘ఒకరు రానన్నారు, సరిగా చదివారు.’